పాఠకుల ప్రశ్నలు: పడవ ట్రైలరుకు టైర్లు మార్చేవేళ

ప్రశ్న: మాకు పద్దెనిమిది అడుగుల ఫైబర్ పడవ ఉంది. వెనక 115 హెచ్‌పీ ఇంజను. ఒకే ఇరుసున్న ట్రైలరు మీద పెట్టి నెలకోసారి నీళ్ళ దగ్గరికి తీసుకెళ్తుంటాం. ట్రైలరు కొని ఏడేళ్ళయింది, టైర్లు దానితో వచ్చినవే. గాడులు కొత్తవాటిలా ఉన్నాయి గానీ పక్కల్లో సన్నగా పగుళ్ళు కనిపిస్తున్నాయి. పగుళ్ళు ఎక్కువున్న టైరు ఒక్కటి మారిస్తే చాలని ఒకరు, కారు టైర్లు వేసుకున్నా నడుస్తాయని ఇంకొకరు అంటున్నారు. పాత టైరు మీద ‘ఎస్‌టీ 205/75ఆర్14’ అని ఉంది. ఏవి కొనాలి?

జవాబు: రెండూ మార్చండి. స్టెప్నీ కూడా ట్రైలరుతో వచ్చిందే అయితే మూడూ మార్చండి. అసలు సంగతి ముందే చెప్పేశాను, ఇక కారణాలు నిదానంగా చెబుతాను. మీ ఉత్తరంలో నాకు గుబులు పుట్టించింది పగుళ్ళ మాట కాదు, గాడులు కొత్తవాటిలా ఉన్నాయన్న మాట. ఒకప్పుడు ఆ ధీమాతోనే నేనూ రోడ్డెక్కాను.

2011లో ఒక పాత ట్రైలరు కొన్నాను. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. గాడిలో వేలు పెడితే గోరు మునుగుతోంది. ఇంకా చాలా ఏళ్ళు నడుస్తాయని అమ్మినాయన అన్నాడు, నేను నమ్మాను. మరుసటి ఏడు వేసవిలో, మిట్టమధ్యాహ్నం, గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే వెనకనుంచి డప్పు కొట్టినట్టు దబదబా చప్పుడు మొదలైంది. ఏమిటా అని అద్దంలోకి చూసేలోగా కుడి టైరు పైపట్టీ మొత్తం తోలు ఒలిచినట్టు ఊడివచ్చి, మడ్‌గార్డును చీల్చి, వెనక లైట్ల వైర్లను తెంపుకుపోయింది. పిల్లలిద్దరూ వెనక సీట్లో ఉన్నారు. బండిని పక్కకు తీసి ఆపేదాకా నా చేతులు వణకలేదు. ఆపాక చాలాసేపు స్టీరింగు వదల్లేకపోయాను. తర్వాత ఆ టైరు ముక్కను చేతిలోకి తీసుకుని చూస్తే గాడులు సగం కూడా అరగలేదు. పక్కగోడ మీద 1403 అనే నాలుగంకెలు కనిపించాయి. 2003వ సంవత్సరం పద్నాలుగో వారంలో తయారైందని వాటి అర్థం. తొమ్మిదేళ్ళ టైరు! పైన పటారం లోన లొటారం అంటారే, అచ్చంగా అదే.

కారు టైరు తిరిగి తిరిగి పోతుంది, పడవ ట్రైలరు టైరు నిలబడి నిలబడి పోతుంది. రబ్బరులో మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. టైరు దొర్లుతూ నలుగుతున్నప్పుడు అవి మెల్లగా పైకి ఊరి, గాలిలోని ఓజోను రబ్బరును తినెయ్యకుండా పొరలా కాపాడతాయి. రోజూ తిరిగే కారు టైరుకు ఆ ఊట ఆగదు. నెలకోసారి కదిలే మీ టైరు మిగిలిన రోజులన్నీ ఒకేచోట, ఒకే భాగం మీద బరువు మోస్తూ, ఎండలో ఎండుతూ ఉంటుంది. మైనం పైకి రాదు. పగుళ్ళు ముందు పక్కగోడ మీద వెంట్రుకవాసిగా మొదలవుతాయి. అవి కనిపించాయంటే మీ అదృష్టం. లోపల ఉక్కు తీగల పొరకూ రబ్బరుకూ మధ్య పట్టు సడలిపోవడం మాత్రం కంటికి కనిపించదు.

అందుకని ఆ ఎండాకాలం తర్వాత నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది. ఐదేళ్ళు నిండిన ట్రైలరు టైరును ప్రతి ప్రయాణానికీ ముందు అనుమానంగా చూస్తాను. ఆరేళ్ళు నిండితే గాడులు ఎంత లోతుగా ఉన్నా తీసేస్తాను. ఈ వయసు కొన్న రోజునుంచి కాదు, తయారైన వారంనుంచి లెక్కపెట్టాలి. పక్కగోడ మీద డీఓటీ (అమెరికా రవాణా శాఖ పేరుకు పొట్టిరూపం) అన్న మూడక్షరాలతో మొదలయ్యే వరస ఉంటుంది. దాని చివరి నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఈ నాలుగంకెలు టైరుకు ఒక పక్కనే ఉండొచ్చు. బయటివైపు కనిపించకపోతే టార్చిలైటు పట్టుకుని ట్రైలరు కిందికి దూరి లోపలివైపు చూడండి. కొత్త టైర్లు కొనేటప్పుడూ బిల్లు వేయించుకునేముందు ఇదే చూడాలి. ఏడాది దాటినవాటిని నేను తీసుకోను. గోదాములో మూడేళ్ళు పడున్న టైరును కొత్త టైరని కొంటే, దాని ఆయుష్షులో సగం మనం చూడకుండానే అయిపోయినట్టు.

ఇప్పుడు మీ టైరు మీది అక్షరాలు. ఎస్‌టీ అంటే ట్రైలరు కోసమే చేసిన టైరు. 205 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం. ఆర్ అంటే రేడియల్, లోపలి పొర తీగలు ఒక అంచునుంచి రెండో అంచుకు నేరుగా పరిచిన టైరు. 14 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఇవన్నీ టైరు ఆకారం చెప్పేవి. ఎంత బరువు మోస్తుందో చెప్పేది వేరే అక్షరం, మీరు దాన్ని రాయలేదు. లోడ్ రేంజ్ అన్న మాట పక్కన బి, సి, డి, ఇ అక్షరాల్లో ఒకటి ఉంటుంది. పాత లెక్కలో బి అంటే 4 ప్లై, అంటే 4 పొరలు, సి అంటే 6, డి అంటే 8, ఇ అంటే 10. నిజంగా లోపల అన్ని పొరలుంటాయని కాదు. నూలు పొరలతో టైర్లు చేసిన కాలంనాటి కొలత పేరుగా మిగిలిపోయింది. మీ సైజులో సి రకం టైరు 50 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో గాలి ఒత్తిడి కొలత) గాలితో 1,760 పౌండ్లు, అంటే దాదాపు 798 కిలోలు మోస్తుంది. అదే సైజులో డి రకం 65 పీఎస్‌ఐ గాలితో 2,040 పౌండ్లు, దాదాపు 925 కిలోలు మోస్తుంది. ఈ అంకె ఒక్క టైరుకు. ఇది కూడా పక్కగోడ మీదే అచ్చుపోసి ఉంటుంది, మీరే చదువుకోవచ్చు.

మరి మీ టైరు మీద ఎంత బరువు పడుతోంది? ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. పడవ కాగితాల్లో రాసిన బరువు చాలాసార్లు ఖాళీ పడవది. ఇంజను, పెట్రోలు, బ్యాటరీలు అందులో ఉండవు. మీ పడవలాంటిదే ఒకదాన్ని తీసుకుని లెక్క వేస్తాను, మీరు మీ అంకెలతో మళ్ళీ వేసుకోండి. ఖాళీ పడవ 700 కిలోలు అనుకుందాం. ఇంజను 170. ట్యాంకులో 110 లీటర్ల పెట్రోలు దాదాపు 82 కిలోలు. రెండు బ్యాటరీలు 45. లంగరు, తాళ్ళు, లైఫ్‌జాకెట్లు, పనిముట్ల పెట్టె, మంచినీళ్ళ డబ్బాలు అన్నీ కలిపి 60. ట్రైలరు సొంత బరువు 300. మొత్తం 1,357 కిలోలు. ఇందులో కారు హుక్కు మీద 95 కిలోల దాకా పడుతుందనుకుంటే, చక్రాల మీద 1,262. రెండు టైర్లకు పంచితే ఒక్కోదాని మీద 631 కిలోలు.

కాగితం మీద సమంగా పంచాం గానీ, పడవ అలా పంచుకోదు. బ్యాటరీలు ఒక పక్క ఉంటాయి, పనిముట్ల పెట్టె కూడా ఆ పక్కనే ఉంటుంది. రోడ్డు ఒకవైపు వాలి ఉంటే బరువు అటే ఒరుగుతుంది. పైగా వాన. అడుగున నీళ్ళు పోయే బిరడా తీయడం మరిచి, పైన కవరు కప్పకుండా వదిలేసిన పడవలో రాత్రికి రాత్రే 150 లీటర్లు చేరడం నేను కళ్ళారా చూశాను. అది 150 కిలోలు. మన లెక్కలో 631 కాస్తా 706 అయింది. సి రకం టైరు 798 మోస్తుంది కాబట్టి తట్టుకుంటుంది. బి రకానికి ఆ మిగులు ఉండదు. టైరు శక్తిలో ఐదోవంతు ఎప్పుడూ ఖాళీగా ఉండేలా ఎంచుకోండి. మీకు సి సరిపోతుందని నా అంచనా. కానీ అంచనాతో ఆగవద్దు. పెట్రోలు నింపి, సామానంతా ఎక్కించి, ట్రైలరును ఒకసారి వేబ్రిడ్జి మీదికి తీసుకెళ్ళండి. కారును కాటా బయట నిలిపి, హుక్కు విప్పకుండా ట్రైలరు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచితే మనకు కావలసిన అంకె నేరుగా వస్తుంది. వీలైతే ఒక పక్క చక్రాన్నే ఎక్కించి ఎడమ, కుడి తేడా కూడా చూడమనండి. నేను చూపించినప్పుడు ఎడమపక్క 54 కిలోలు ఎక్కువ వచ్చింది. ఆ రోజే పనిముట్ల పెట్టెను కుడివైపుకు మార్చాను.

అయితే డి రకమే వేసుకుంటే ఇంకా భద్రం కదా అని మీరు అడగవచ్చు. భద్రమే, కానీ రిమ్ము ఒప్పుకోవాలి. రిమ్ముకూ సొంత పరిమితి ఉంటుంది, దాని వెనకవైపో లోపలో చెక్కి ఉంటుంది. 50 పీఎస్‌ఐ కోసం చేసిన రిమ్ములో 65 కొట్టకూడదు. వాల్వు సంగతీ అంతే. మామూలు రబ్బరు వాల్వుకు 65 పీఎస్‌ఐ హద్దు. ఆ పైన వెళ్ళాలంటే అధిక పీడనం కోసం చేసిన వాల్వో, లోహపు వాల్వో ఉండాలి. ఎలాగూ టైర్లు మారుస్తున్నారు కాబట్టి వాల్వులు కూడా కొత్తవి వేయించండి. ఏడేళ్ళ వాల్వు మీద కొత్త టైరు వేయడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు.

ఇక కారు టైర్లు. వద్దు. కారు టైరు పక్కగోడను కుదుపు తెలియకుండా ఉండేందుకు మెత్తగా చేస్తారు. ట్రైలరులో కూర్చునేవాళ్ళెవరూ లేరు. అక్కడ కావలసింది మెత్తదనం కాదు, పక్కకు ఊగకుండా నిలబడే బిగువు. ఎత్తుగా ఉండే పడవకు గాలి తగిలినా, పక్కనుంచి లారీ దాటినా మెత్తటి పక్కగోడలు అటూ ఇటూ వంగి ట్రైలరు తోక ఆడిస్తుంది. అమెరికా నిబంధనల్లో, కారు టైరును ట్రైలరుకు వేస్తే దాని మీద రాసిన బరువును 1.10తో భాగించి లెక్కకట్టాలని ఉంది. లోడ్ ఇండెక్స్ (మోసే బరువును సూచించే అంకె) 91 ఉన్న కారు టైరు 615 కిలోలు మోస్తుందని రాసి ఉంటే, ట్రైలరు కింద అది 559 మాత్రమే. మన ఉదాహరణలో ఒక్కో టైరు మీద పడేది 631. బయలుదేరకముందే అధిక బరువు.

ఇంకో రెండు మాటలు. రేడియల్ టైరు, నైలాన్ టైరు (లోపలి దారాలు ఏటవాలుగా పరిచిన రకం) ఒకే ఇరుసు మీద కలపకండి. నైలాన్ టైరైతే సైజులో ఆర్ ఉండేచోట డి అక్షరం ఉంటుంది. దాన్ని లోడ్ రేంజ్ డి అనుకుని కొనేసినవాళ్ళున్నారు, జాగ్రత్త. దూరప్రయాణాలకు రేడియల్ మేలు, తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువకాలం అరగదు. మీకు ఉన్నవీ రేడియల్సే కాబట్టి వాటితోనే ఉండండి. రెండోది వేగం. ఎస్‌టీ టైరు మీద వేగపు అక్షరం ఏదీ లేకపోతే దాన్ని గంటకు 65 మైళ్ళ టైరుగానే, అంటే 105 కిలోమీటర్ల టైరుగానే చూడాలి. ఎల్ అని ఉంటే 120, ఎమ్ అని ఉంటే 130. ఇవి టైరు హద్దులు. పడవను వెనక కట్టుకుని నేను 90 దాటను.

బిగించాక దాదాపు 80 కిలోమీటర్లు వెళ్ళి ఆగి, నట్లు మళ్ళీ బిగింపు చూసుకోండి. కొత్తగా ఎక్కించిన చక్రానికి నట్లు కొంచెం సర్దుకుంటాయి. టార్క్ రెంచి (ఎంత గట్టిగా బిగించామో కొలిచి చూపే పానా) ఉంటే ట్రైలరు పుస్తకంలో ఇచ్చిన కొలతకు బిగించడం ఇంకా మంచిది.

ప్రశ్న: ట్రైలరును నేనే నడుపుకుంటాను. టైరు మీద 50 పీఎస్‌ఐ అని ఉంది. అంత గాలి కొడితే ఖాళీ ట్రైలరు ప్రతి గుంతకూ ఎగిరెగిరి పడుతోంది. కారుకు కొట్టినట్టే 32 కొట్టి నడపవచ్చా? దూరం వెళ్ళాక టైరు వేడెక్కి గాలి 56 చూపించింది. అప్పుడు కొంచెం తీసేశాను, తప్పా?

జవాబు: అమ్మా, రెండూ చేయకండి. ఇంత ఖండితంగా చెప్పడానికి కారణం ఉంది. ట్రైలరు టైర్లు దారిలో పేలడానికి గాలి తక్కువ కావడాన్ని మించిన కారణం నేను చూడలేదు.

టైరు బరువును మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. 50 పీఎస్‌ఐ దగ్గర 798 కిలోలు మోసే టైరు 32 దగ్గర అంత మోయలేదు. గాలి తగ్గితే ప్రతి చుట్టుకూ పక్కగోడ ఎక్కువగా నలుగుతుంది. ఒక ఇనప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే ఆ చోట వేడెక్కుతుంది కదా, అలాగే. మొదటి ప్రశ్నలోని 14 అంగుళాల టైరు కిలోమీటరుకు 480 సార్లు తిరుగుతుంది. గంటసేపు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 38 వేలసార్లకు పైగా నలిగినట్టు. ఆ వేడి లోపలి పొరల అతుకును విడదీస్తుంది. బయటికి ఏమీ తెలియదు. కారులో కూర్చున్న మీకు ట్రైలరు టైరు చప్పబడిన సంగతి స్టీరింగు చెప్పదు కూడా.

12 అంగుళాల చిన్న చక్రాలున్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. అవి అదే దూరానికి ఇంకా ఎక్కువసార్లు తిరుగుతాయి. వాటిలో కొన్ని సన్న టైర్లకు 60, 90 పీఎస్‌ఐ కూడా ఉంటుంది. అంకె పెద్దదిగా ఉందని భయపడి తగ్గించకండి, టైరు మీద చదివి అంతే కొట్టండి.

50 అన్నది చల్లటి టైరులో ఉండాల్సిన గాలి. పొద్దున్నే, ఎండ తగలకముందు, బండి కదలకముందు కొలవాలి. దారిలో వేడెక్కి 56 అయితే అది సహజం, టైరు చేసినవాళ్ళు దాన్ని లెక్కలో పెట్టుకునే ఆ 50 అంకె ఇచ్చారు. మీరు వేడిగా ఉన్నప్పుడు తీసేసిన గాలి చల్లారాక లోటుగా మిగిలిపోతుంది. వాతావరణం ఐదారు డిగ్రీల సెల్సియస్ తగ్గితే దాదాపు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. మంచి టైరైనా నెలకు ఒక పీఎస్‌ఐ దాకా తనంతట తానే దిగుతుంది. నాలుగు నెలలు నిలబెట్టిన ట్రైలరును గాలి చూడకుండా బయటికి తీయకూడదనేది ఇందుకే.

ఖాళీ ట్రైలరు ఎగరడం నిజమే. ఆ కాసేపు నెమ్మదిగా వెళ్ళండి. ఖాళీగా వెళ్ళేటప్పుడు తగ్గించి, పడవ ఎక్కించాక మళ్ళీ కొడదామనుకుంటే, ఎక్కించిన హడావిడిలో ఆ రెండో పని మరిచిపోతారు. ఒక మాట అడుగుతాను, మీ పంపు 50 దాకా కొట్టగలదా? కారు సిగరెట్ లైటర్‌కు తగిలించే చిన్న పంపులు కొన్ని 40 దగ్గరే ఆయాసపడతాయి. ముందు అది చూసుకోండి.

ప్రశ్న: నాది రెండిరుసుల ట్రైలరు, నాలుగు టైర్లు. ఎడమ వెనకది పేలింది. మిగతా మూడింటికీ మూడేళ్ళే. ఒక్కటే కొంటే చాలదా?

జవాబు: కుడిపక్కవి ఉంచవచ్చు. ఎడమ ముందుది మాత్రం మార్చండి. వెనకది పేలి మీరు ఆగేదాకా ఆ పక్క బరువంతా ఒక్కటే మోసింది, అంటే దాదాపు రెట్టింపు. పైకి బాగానే కనిపిస్తుంది. ఆ కొద్ది దూరంలో లోపల ఏం తెగిందో చెప్పడానికి మన దగ్గర కన్ను లేదు. తీసిన టైరును స్టెప్నీగా కూడా ఉంచకండి.

ఇంకో సంగతి. రెండిరుసుల ట్రైలరును ఇరుకులో గట్టిగా తిప్పితే టైర్లు దొర్లవు, పక్కకు ఈడ్చుకుపోతాయి. కిందకు వంగి చూస్తే పక్కగోడ మెలితిరగడం కనిపిస్తుంది. పార్కు చేసేటప్పుడు చక్రం పూర్తిగా తిప్పకుండా, ముందుకూ వెనక్కూ నాలుగైదుసార్లు ఆడించి పెట్టండి. టైర్లు ఎక్కువకాలం బతుకుతాయి.

ప్రశ్న: 205/75 బదులు 215/75 వేసుకుంటే బరువు ఎక్కువ మోస్తుందన్నారు. రిమ్ము అదే 14. వేసుకోవచ్చా?

జవాబు: చోటు ఉంటే వేసుకోవచ్చు. 205 టైరు ఎత్తు లెక్కకు 663 మిల్లీమీటర్లు, 215ది 678. అంటే పైన ఏడున్నర మిల్లీమీటర్లే తేడా. వెడల్పు పది. చిన్నవిగా కనిపిస్తాయి గానీ, పడవ బరువుకు స్ప్రింగు కుంగి గుంతలో పడ్డప్పుడు మడ్‌గార్డు టైరును తాకిందంటే చాకుతో కోసినట్టే. పడవ ఎక్కించిన ట్రైలరు దగ్గర టైరు పైన నాలుగు వేళ్ళూ పక్కపక్కగా పట్టే చోటుండాలి. లోపలివైపు స్ప్రింగుకూ ఫ్రేముకూ తగలకుండా చూడాలి. రిమ్ము వెడల్పు 215కు సరిపోతుందో లేదో టైరు తయారుచేసినవాళ్ళ పట్టికలో చూడమనండి. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. పెద్ద టైరు వేసినంత మాత్రాన ట్రైలరు ఎక్కువ మోయదు. ఇరుసు, స్ప్రింగు, ఫ్రేము ఎంత మోస్తాయో ట్రైలరుకు కొట్టిన రేకు మీద ఉంటుంది. హద్దు అదే, టైరు దాన్ని పెంచలేదు.

ప్రశ్న: ఉప్పునీళ్ళలో పడవ దించుతాం. టైర్లకు రెండేళ్ళే, కానీ ఒకదాంట్లో వారానికి ఐదారు పీఎస్‌ఐ దిగిపోతోంది. పంక్చరు కనిపించడం లేదు. టైరు లోపమేనా?

జవాబు: టైరును నిందించేముందు రిమ్మును చూడండి. టైరు అంచు రిమ్ము మీద కూర్చునేచోట తుప్పు పట్టి పొక్కులు లేచి ఉంటాయి. ఆ పొక్కుల సందుల్లోంచి గాలి సన్నగా పోతుంది. సబ్బునీళ్ళు చల్లి ఆగి చూడండి. రిమ్ము అంచు చుట్టూ సన్నటి నురుగు లేస్తే అదే. వాల్వు మొదట్లో కూడా చల్లండి.

టైరు విప్పించి, అంచును వైరు బ్రష్షుతో శుభ్రంగా గీకి, తుప్పు లోతుగా తినకపోయుంటే రంగువేసి మళ్ళీ ఎక్కించవచ్చు. గుంతలు పడి ఉంటే రిమ్ము మార్చాల్సిందే. ట్యూబు వేసి సరిపెట్టేస్తామంటారు, ఒప్పుకోకండి. తుప్పు లోపల అలాగే తింటూ ఉంటుంది, ఆ గరుకు ట్యూబును కోస్తుంది. కొత్త రిమ్ము కొంటే ఉప్పునీళ్ళకు జింకు పూత వేసినవి తీసుకోండి. నట్లకు ఎన్ని బెజ్జాలు, వాటి మధ్య దూరం ఎంత, నడిమి రంధ్రం ఎంత అన్నవి పాతదానితో సరిపోవాలి, కాబట్టి పాత రిమ్మును వెంట తీసుకెళ్ళడమే సులువు.

మీరు అడగకపోయినా చెబుతున్నాను. దూరంనుంచి వచ్చీ రాగానే ట్రైలరును నీళ్ళలోకి దించకండి. వేడెక్కిన హబ్బు (చక్రం నడుమ బేరింగులుండే భాగం) ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీలు సందుల్లోంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. గ్రీజు పాలలా తెల్లబడుతుంది, బేరింగులు తుప్పుపడతాయి. పడవ తాళ్ళు సర్దుకుంటూ పావుగంట ఆగండి. పైకి తీశాక మంచినీళ్ళతో రిమ్ములు, హబ్బులు, బ్రేకులు కడగండి. దారిలో ఆగినప్పుడల్లా హబ్బు దగ్గర చెయ్యి పెట్టి చూడటం నాకు అలవాటు. ముందు కాస్త దూరంనుంచి సెగ చూసి, ఆ తర్వాత తాకుతాను. ఒక పక్కది రెండో పక్కకన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ బేరింగో, బ్రేకో, గాలి తగ్గిన టైరో ఏదో ఒకటి మొదలైనట్టే.

ప్రశ్న: ఆరు నెలలు పడవ బయటికి తీయం. అంతవరకు టైర్లు పాడవకుండా ఏం చేయాలి?

జవాబు: ఇరుసు కింద స్టాండ్లు పెట్టి చక్రాల మీద బరువు లేకుండా చేయండి. అది కుదరకపోతే టైర్ల కింద చెక్కపలకలు వేసి, పూర్తి గాలి కొట్టి, నెలకోసారి ట్రైలరును కాస్త ముందుకు జరపండి. పలక టైరుకన్నా వెడల్పుగా ఉండాలి, అంచు బయటికి వేలాడకూడదు. ఎండ పడకుండా టైర్లకు తొడుగులు వేయండి. జనరేటరు, వెల్డింగు మిషను, పెద్ద మోటార్లు నడిచేచోట పెట్టకండి, వాటినుంచి ఓజోను వస్తుంది. టైర్లు మెరవడానికి పూసే నూనెల జోలికి పోకండి, పెట్రోలియంతో చేసినవి రబ్బరును కాపాడే ఆ మైనాన్నే కడిగేస్తాయి. సబ్బునీళ్ళు చాలు. పడవ అడుగు బిరడా తీసి, ముందుభాగం కొంచెం ఎత్తుగా ఉంచితే వాననీళ్ళు నిలవవు.

మళ్ళీ తీసేరోజు గాలి కొట్టేముందు టైరు చుట్టూ అరచేతితో మెల్లగా తడమండి. చేతికి ఎక్కడైనా ఉబ్బు తగిలితే అక్కడ లోపలి పొర విడిపోయినట్టే, ఆ టైరుతో బయలుదేరవద్దు. స్టెప్నీని కూడా అలాగే తడిమి, గాలి కొలిచి, దాని మీది నాలుగంకెలు చదవండి. ఆ తర్వాత మీ కారు జాకీ ట్రైలరు ఇరుసు కిందికి పడుతుందో లేదో, కారు పానా ట్రైలరు నట్లకు సరిపోతుందో లేదో ఇంటి దగ్గరే ఒకసారి విప్పి చూసుకోండి. చాలా ట్రైలర్లకు రెండూ సరిపోవు.